పదకొండో మాట

మధ్యాహ్నం మూడు దాటింది. కడియాల కొట్టులో ఇద్దరే ఉన్నారు. ఒకరు కొట్టు యజమాని. రెండో ఆవిడ పక్క వీధిలో పాత సామాన్ల కొట్టు నడుపుతుంది. ఆమె వచ్చి పావుగంటయింది, ఇంకా కూర్చోలేదు.

"మొదట్లో నా చేతిలో ఉన్నదల్లా మూడు వందల ఉక్కు కడియాలమ్మా. ఒట్టి కడియాలు, మీద ఒక గీత కూడా లేదు. వ్యాయామశాలవాడు ఒకడు ఆర్డరిచ్చి, సరుకు తయారయ్యేసరికి తాళం వేసుకుపోయాడు. నా కథ అక్కడ మొదలు. ఇక మీ అబ్బాయి సంగతంటారా, నన్నడిగితే నేనేం చెప్పను?"

"మా అబ్బాయి సంగతి నాకు తెలుసు షావుకారు గారూ. నేనడిగింది కడియం మీది మాట సంగతి."

"ఏ మాట? పదకొండు రకాలున్నాయి."

"పదకొండోదే."

"అది బాగా పోతుంది. అన్నిట్లోకీ అదే ఎక్కువ పోతుంది. మీరు ముందు కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. నాలుగింటికి కొలను దగ్గర అందరూ చేరతారు."

"ఏ కొలను?"

"మీకు తెలీదా?"

"నాకెలా తెలుస్తుంది? పొద్దున్నుంచి రాత్రిదాకా ఈ కుర్చీలో ఉండేవాణ్ణి."

"బస్ డిపో వెనక ఈతకొలను. నీళ్ళు లేక పదేళ్ళయింది. ఆ సీరియల్లో, ఆ వేరే గ్రహం వాళ్ళు, పేరేదో..."

"ద్రౌఖులు."

"వాళ్ళే. గోతిలోకి దిగి కొట్టుకుంటారట కదా. ఒకడు పైకొచ్చేదాకా ఇంకొకడికి నిచ్చెన వెయ్యరట కదా. ఈ కడియాలు తొడుక్కున్న కుర్రాళ్ళూ అంతే చేస్తున్నారు. మావాడి పేరు పిలిచారు."

"కుర్రాళ్ళ ఆటలమ్మా. నాలుగు దెబ్బలు తగిలితే వాళ్ళే మానేస్తారు."

"మొదట దిగినవాడికి దవడ విరిగింది. రెండోవాడు కరెంటాఫీసు గుమాస్తా కొడుకు. పందొమ్మిది రోజులైంది, కళ్ళు తెరవలేదు. వాళ్ళ నాన్న మంచం పక్కన కూర్చుని రోజూ వాడి చెయ్యి తుడుస్తాడు. చేతికి మీ కడియం ఉంది."

"నా కడియం అని ఎలా అంటారు? బజార్లో నకిలీవి బోలెడు వచ్చాయి."

"లోపలివైపు మీ కొట్టు గుర్తుంది. చిన్న త్రాసు."

"ఉంటే ఉంటుంది. గిన్నెలమ్మేవాడు ఆ గిన్నెలో ఎవరేం వండుకుంటారో చూస్తూ కూర్చుంటాడా? సరుకు గుమ్మం దాటాక నేను వెనక్కి తిరిగి చూడను. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో నేను నేర్చుకున్నది అదొక్కటే."

"నేనూ వ్యాపారస్తురాలినే."

"తెలుసు. పాత బీరువాలు, మంచాలు. బేరం గట్టిగా చేస్తారని విన్నాను."

"మా కొట్లో ఉన్నదంతా వాపసు సరుకే. ఒకరు వద్దనుకున్నదే ఇంకొకరికి అమ్ముతాను. అందుకే అడుగుతున్నాను. ఆ మాటని వాపసు తీసుకునే దారి ఉందా?"

"కడియం కోసెయ్యొచ్చు. రివిట్టు కొట్టిన చోట రంపం పెడితే రెండు నిమిషాలు. తీసుకురండి అబ్బాయిని, నేనే కోస్తాను. డబ్బులు కూడా అడగను."

"రంపం పెట్టాను. మొన్న మధ్యాహ్నం వాడు పడుకుని ఉంటే పక్కన కూర్చుని మెల్లిగా పెట్టాను. సగం తెగేలోపు లేచాడు. కోప్పడలేదు. చెయ్యి చాపి, 'అమ్మా, మణికట్టు దగ్గర కోసెయ్యి, కడియం జోలికి మాత్రం రాకు' అన్నాడు. నవ్వుతూ అన్నాడనుకుని నేనూ నవ్వబోయాను. వాడు నవ్వడం లేదు."

"ఎన్నేళ్ళు?"

"ఇరవై మూడు. లిఫ్టులు బాగుచేస్తాడు."

"మంచి పని. నిదానమైన పని."

"వాడూ నిదానమైనవాడే. చీమని కూడా తొక్కడు. ఆదివారం నలుగురు కూర్చుని ఆ సీరియల్ భాషలో రెండు ముక్కలు మాట్లాడుకుని టీ తాగొస్తారు, అంతే అనుకున్నాను. ఒకరోజు వాళ్ళ పెద్ద అడిగాట్ట, పిలిస్తే దిగుతావా అని. వీడు సరదాకి ఊ అన్నాడు. ఇప్పుడు పిలిచారు. ఎదుటివాడు గోడౌన్లో క్రేన్ నడుపుతాడు. వాణ్ణి క్రేన్ అనే పిలుస్తారు. మావాడు దిగనని చెప్పబోయాడు. అందరూ ఒకేసారి చేతులెత్తి ఆ మాట అన్నారట. మోఖ్ దార్..."

"మోఖ్ దార్, మోఖ్ నా హుర్."

"అదే. దానర్థం ఏమిటి?"

"'పట్టిన మాట తిరిగి పోదు.' కడియంతో పాటు ఇచ్చే కార్డు మీద ఉంటుంది కదా."

"మీ నోట వినాలని అడిగాను. ఎవరు చేశారు ఆ మాట?"

"సీరియల్లోదే."

"సీరియల్లో లేదు. మా పక్కింటాయన నలభై భాగాలూ నాకు చూపించాడు. రెండు వారాలు కూర్చుని చూశాను. పది మాటలే ఉన్నాయి. పదకొండోది ఒక్కసారి కూడా రాలేదు."

"ఏదో భాగంలో గబుక్కున అనేసుంటారు. మీరు కునుకు తీసుంటారు."

"కొడుకు పేరు పిలిచాక కునుకెక్కడిది షావుకారు గారూ?"

"ఏమో, నాకు తెలీదమ్మా."

"సరే, మీకు తెలీదంటే వదిలెయ్యండి. ఆ భాష కట్టింది ఒక టీచరమ్మ అటగా. పెద్దావిడ. ఆవిడ దగ్గరికే వెళ్తాను. పదకొండూ ఆవిడే చేసి ఉంటే పదకొండోది రద్దు అని ఒక చీటీ రాసివ్వమంటాను. ఆవిడ రాసిస్తే వాళ్ళు వింటారు."

"ఆగండి. ఆవిడ చీటీ రాయడమేమిటి?"

"భాష ఆవిడదే కదా."

"భాష ఆవిడదే. కాదనను. సీరియల్ వాళ్ళు జీతమిచ్చి కట్టించారు. రెండు వందల పైచిలుకు పదాలు, పది మాటలు. సీరియల్ ఆగిపోయాక ఆ భాష ఆవిడ ట్రంకు పెట్టెలో పడుంది. నా కడియాలు నా గోడౌన్లో పడున్నాయి. ఆవిడ మాటలు నా ఇనుము మీద చెక్కితే రెండింటికీ ప్రాణం వస్తుందని తట్టింది నాకు. ఆవిడ ఇంటికి నాలుగుసార్లు తిరిగాను. ఒప్పించాను. అది నా తెలివి."

"అవును, తెలివే. అందుకే ఆవిడ మాట చెల్లుతుంది అంటున్నాను."

"పది వరకూ చెల్లుతుంది."

"పదకొండోది?"

"పదకొండోదాని మీద ఆవిడకి ఏ హక్కూ లేదు."

"ఆవిడ అలా అనడం లేదే."

"ఏమంటోంది?"

"మొత్తం నావే అంటోందట. ఆ కడియాలవాడు నా భాష మీద బతుకుతున్నాడు అందట."

"అలా అందా ముసలావిడ? నా ఎదుట కూర్చుని సంతకం పెట్టి ఇప్పుడు ఇలా అంటోందా? వినండమ్మా, మీరు మధ్యలో ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. ఆవిడ చేసిన పదీ పెద్ద పెద్ద మాటలు. 'ఖర్ద నో వెష్, ఖర్ద నో థుమ్.' అంటే 'వీపు చూపినవాడికి నీడ ఉండదు.' బాగుంది, కాదనను. ఎవడు కొంటాడు? నెలకి ఆరు, ఏడు. పైగా కొన్నవాళ్ళు వారం తొడుక్కుని తెచ్చిచ్చేవాళ్ళు. ఒకడికి చెయ్యి దురద, ఒకడికి పెళ్ళాం వద్దంది, ఒకడికి ఆ మాట నచ్చలేదు, ఇంకోటి కావాలి. నెలకి ముగ్గురు నలుగురు ఇదే గుమ్మంలో నిలబడి 'వాపసు తీసుకోండి' అని గోల."

"అప్పుడేం చేశారు?"

"కొక్కెం తీసేసి రివిట్టు పెట్టించాను. తొడిగితే ఊడదు. అయినా కోసి తెచ్చేవాళ్ళు."

"మరి?"

"అమ్మిన సరుకు వాపసు లేదు అని బోర్డు పెట్టాను. బోర్డు ఎవడు చదువుతాడు? అప్పుడు ఒక మధ్యాహ్నం, ఇక్కడే, ఇదే కుర్చీలో, భోజనం చేసి కూర్చుంటే తట్టింది. ఆ బోర్డునే వాళ్ళ భాషలో పెడితే? టీచరమ్మ పదాల పుస్తకం తీశాను. మోఖ్ అంటే మాట. దార్ అంటే పట్టడం. వెతుక్కుని వెతుక్కుని నాలుగు ముక్కలు కలిపాను. కార్డు మీద అచ్చేయించాను. 'ద్రౌఖుల అన్నిటికంటే పాత మాట' అని కింద ఒక వాక్యం కూడా రాయించాను."

"అన్నిటికంటే పాతదని."

"పాతదంటే విలువ. మీకు తెలీనిదేముంది, మీరు అమ్మేదే పాత సరుకు."

"తర్వాత?"

"తర్వాత వాపసులు ఆగిపోయాయి. ఒక్కటి కూడా రాలేదు. అది నేననుకున్నదే. అనుకోనిది ఏమిటంటే, జనం ఆ మాటనే కడియం మీద చెక్కమని అడగడం మొదలెట్టారు. మూడు వందలు కాస్తా నాలుగు వేలయ్యాయి. టీచరమ్మ పదీ కలిపి ఒక పక్క, నాది ఒక్కటీ ఒక పక్క."

"అయితే అది యుద్ధం మాట కాదు. కొట్టు నియమం."

"మొదట్లో కొట్టు నియమం. ఇప్పుడు అదేమిటో వాళ్ళనే అడగండి."

"షావుకారు గారూ, ఈ ముక్క బయటికొచ్చి వాళ్ళకి చెప్పండి. నాలుగు అడుగులు. వాళ్ళలో నలుగురు మీ గేటు దగ్గరే నిలబడ్డారు. 'నాయనా, ఇది సరుకు వాపసు రాకుండా నేను పెట్టుకున్న బోర్డు' అనండి చాలు."

"మీరు అడిగేది చిన్నదేమీ కాదు."

"పిల్లాడి ప్రాణమండీ."

"నాకూ పిల్లలున్నారు. అది కాదు. ఆ ఒక్క ముక్క నా నోట వచ్చిన మరుక్షణం నాలుగు వేల కడియాలు ఈ గుమ్మంలోకి వస్తాయి. నాలుగు వేలమంది క్యూ కడతారు, మోసం చేశావని. నేను ఏం కావాలి?"

"నాలుగు వేలమంది రారు. వాళ్ళ అమ్మలు వస్తారు."

"ఇంకా నయం. అమ్మలతో బేరం ఎవడికి వశం?"

"నవ్వుతున్నారా?"

"నవ్వడం లేదు. ఇంకో దారి చూద్దాం. పన్నెండో మాట చేస్తాను. 'పట్టిన మాటని తల్లి విడిపించవచ్చు' అని. రేపటికల్లా కార్డు అచ్చేయిస్తాను. కొత్త కడియం, తల్లులకి సన్నది, వెండి పూతతో. మీకు మొదటిది ఊరికే ఇస్తాను."

"రేపటికి."

"అచ్చుకి ఒకరోజు పడుతుంది కదా."

"మూడున్నర అయింది."

"అంతకంటే ముందు కుదరదమ్మా."

"వద్దులెండి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. టీచరమ్మ దగ్గరికే వెళ్తాను. మాట ఆవిడదే అని వాళ్ళూ అనుకుంటున్నారు. ఆవిడ వచ్చి చెప్తే చాలు. పేరు ఎలాగూ ఆవిడదే అవుతుంది."

"పేరు ఆవిడది ఎందుకవుతుంది? ఇంత చెప్పాను కదా."

"మీరు చెప్పారు. నేను విన్నాను. బయటికెళ్ళి నేను చెప్తే నమ్ముతారా? కొడుకు కోసం కట్టుకథ చెప్తోంది అంటారు. నోటిమాట నమ్మరు వాళ్ళు."

"నోటిమాట ఎందుకు? కాగితం ఉంది."

"ఏం కాగితం?"

"ఉండండి, ఈ సొరుగులోనే. కిందటేడు ఆవిడ పదకొండో మాటలోనూ వాటా అడిగింది. పదాలు నావి కాబట్టి అంది. నేను ఒప్పుకోలేదు. నోటరీ దగ్గర కూర్చోబెట్టి రాయించాను. ఇదిగో. చదవండి. 'పదకొండవ మాటను నేను చేయలేదు. దానిని చేసినవారు ఈ కొట్టు యజమాని మాత్రమే. దాని మంచికి చెడుకి నాకు సంబంధం లేదు.' కింద సంతకం, వేలిముద్ర, ఇద్దరు సాక్షులు."

"మంచికి చెడుకి అని ఆవిడే రాయించిందా?"

"అవును, ఆ ముక్క ఉండాలని పట్టుబట్టింది. ముసలివాళ్ళ చాదస్తం. నాకేం పోయింది, రాయించాను."

"ఒకసారి ఇలా ఇస్తారా? ఫోన్లో ఫోటో తీసుకుంటాను."

"ఎందుకు?"

"ఆవిడ రేపు మళ్ళీ నాదే అంటే మొహాన చూపించొచ్చు కదా."

"అదీ నిజమే. తీసుకోండి. ఇటు వెలుతురులో పెట్టండి, సంతకం స్పష్టంగా పడాలి. నా పేరు కూడా పడాలి."

"పడింది."

"ఎవరికి పంపుతున్నారు?"

"మావాళ్ళకే. చూడాలన్నారు."

"పంపండి, పంపండి. నలుగురికీ తెలిస్తేనే మంచిది. ముందు నుంచీ నేను అంటున్నది ఇదే. ఒకరి కష్టం ఇంకొకరు తన్నుకుపోకూడదు."

"పోకూడదు."

"ఫోన్ మోగింది. ఏమంటున్నారు?"

"చేరిందన్నారు."

"మంచిది. ఇప్పుడు మీ పని చూద్దాం. మీరు ఇంత ఓపికగా విన్నారు కాబట్టి నేనూ కొంచెం దిగొస్తాను. గేటు దాకా వస్తాను. బోర్డు సంగతి, వాపసు సంగతి ఎత్తను. ఊరికే, 'ఈ అబ్బాయిని వదిలెయ్యండి, నేను చెప్తున్నాను' అంటాను. కడియాల కొట్టాయన అంటే వాళ్ళకి మర్యాద ఉంటుంది కదా?"

"చాలా ఉంటుంది."

"మీరు మాత్రం పక్కనుండి వాపసు అనే ముక్క అనకూడదు. అదొక్కటే నా షరతు."

"అననండి. ఆ ముక్క నేను పొద్దునే అనేశాను."

"ఏమిటి?"

"పొద్దున కొలను దగ్గరికి వెళ్ళాను. టీచరమ్మ దగ్గరికి నిన్ననే వెళ్ళొచ్చాను లెండి. ఆవిడ నాదే అని ఎప్పుడూ అనలేదు. పదకొండోది నాది కాదమ్మా, వాపసులు ఆపడానికి ఆయన కట్టుకున్న బోర్డు అది, వెళ్ళి ఆయన్నే అడుగు అంది. తలుపు పట్టుకుని నిలబడటానికే ఆవిడకి కాళ్ళు వణుకుతున్నాయి. ఇంకేమీ అడగకుండా వచ్చేశాను. పొద్దున ఆ పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఒరే, ఇది యుద్ధం మాట కాదు, కొట్టువాడు సరుకు వాపసు రాకుండా పెట్టుకున్న బోర్డు అని. నవ్వుతారనుకున్నాను. నవ్వి, కడియాలు తీసి పారేసి ఇళ్ళకి పోతారనుకున్నాను."

"అయ్యో. ఏమన్నారు మరి?"

"ఒక్కడూ నవ్వలేదు. తర్వాత వాళ్ళ పెద్ద లేచి నిలబడి అడిగాడు, 'అయితే ఆ మాట అన్నాయన ఇంకా బతికే ఉన్నారా?' అని."

"అంటే?"

"వెయ్యేళ్ళ కింద పోయిన వీరుడెవరో అన్నాడనుకున్నారట. మీరు కార్డు మీద అన్నిటికంటే పాత మాట అని రాయించారు కదా. ఇదే ఊళ్ళో, నాలుగు వీధుల అవతల ఉన్నాడంటే వాళ్ళకి ఒళ్ళు జలదరించింది. ఒకడైతే ఏడ్చాడు."

"ఏడవడమేమిటి? కోపం రాలేదా?"

"కోపం వస్తే బాగుండేది. నేనూ అదే కోరుకున్నాను. వాళ్ళకి సంతోషం వేసింది షావుకారు గారూ. మాట అన్నవాడు ఉండగా మనం ముందు దిగడం ఏమిటి, ఇన్నాళ్ళూ తప్పు చేశాం అన్నారు. ఆయన దిగాలి, తర్వాతే మిగతావాళ్ళు అన్నారు. నిజంగా ఆయనేనా అన్నదొక్కటే సందేహం మిగిలింది. కాగితం ఏదైనా ఉంటే చూపించమన్నారు."

"ఇందాక ఫోటో పంపింది వాళ్ళకా?"

"మీరు కూర్చోండి. మీ మొహం బాగా లేదు."

"గేటు దగ్గర అంతమంది ఎవరు?"

"వాళ్ళే."

"ఇందాక నలుగురే ఉన్నారు."

"ఇందాక కాగితం చేరలేదు."

"ఎందుకు అలా తలలు వంచుకుని నిలబడ్డారు?"

"మర్యాద అనుకుంటాను."

"నాకు యాభై ఎనిమిదేళ్ళమ్మా. మోకాళ్ళ నొప్పులు. మెట్లు దిగలేను."

"చెప్పాను. ఎత్తుకుని దింపుతాం అన్నారు."

"వెనక గోడౌన్ తలుపు ఉంది. మీరు ముందు నుంచి వాళ్ళని మాటల్లో పెట్టండి. మీరు అడిగినంత ఇస్తాను."

"అక్కడా ఉన్నారు. క్రేన్ అటువైపే నిలబడ్డాడు."

"మీరు తల్లి కదమ్మా. ఒక్క మాట చెప్పండి వాళ్ళకి. మీ అబ్బాయి చేత చెప్పించండి. నేను మీ అబ్బాయికి ఏ అపకారం చెయ్యలేదు. ఏడీ, వాళ్ళల్లో ఎవరు మీ అబ్బాయి? పిలవండి వాణ్ణి. నేను మాట్లాడతాను."

"వాడు అక్కడ లేడండీ. పొద్దునే వదిలేశారు. ఇంటికొచ్చి, అన్నం తిని, పడుకున్నాడు."